ఎడమచేతి దారి

ఎవరైనా మా ఊరి గుట్ట చుట్టూ తిరిగి వచ్చి "అబ్బ, ఎంత చక్కటి చోటు!" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. చోటు చక్కటిదే, కాదనను. వానలు కురిసి నెల దాటాక మూసీ ఒడ్డున అడవి కమ్ముకుని, వాగు మూడు చోట్ల బండల మీద నుంచి దుంకుతుంటే కళ్ళప్పగించి చూడాల్సిందే. కానీ ఒక చోటును చూసి మురిసిపోవాలంటే అది మనకు ఏ అపకారమూ చేసి ఉండకూడదు. చోటేం చేసింది పాపం అంటారా, నిజమే, చేసింది మనుషులు. అందులో మొదటిదాన్ని నేను. అయినా నా కోపం చోటు మీదికే పోతుంది. మనుషుల మీద కోపం తెచ్చుకుంటే అది తిరిగి తిరిగి నా దాకా వస్తుంది మరి.

మొయినాబాద్ నుంచి చిల్కూరు పోయే బండ్ల బాట వదిలి మూసీ వైపు దిగితే మా ఊరు వచ్చేది. ఊరి వెనక గుట్ట. గుట్టకు ఒక పక్క ఏరు, ఇంకో పక్క వాగు. వాగు పైనుంచి దిగుతూ మూడు చోట్ల దుంకి ఏట్లో కలిసేది. జలపాతం అనే మాట నేను పుస్తకంలో చదివిందాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్ద దుంకుడు, నడిమి దుంకుడు, చిన్న దుంకుడు, అంతే. గుట్ట చుట్టూ ఒకటే కాలిబాట. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి మళ్ళీ ఊరు చేరేవాళ్ళం. గుట్ట నెత్తిమీద మైసమ్మ రాయి ఉండేది.

ఏడాదికొక రోజు, నాట్లు అయిపోయాక, ఊరంతా గుట్ట చుట్టూ తిరిగేది. దాన్ని నీళ్ళు చూడవోవుడు అనేవాళ్ళు. ఊరివాళ్ళు ముందు ఏటి ఒడ్డున నడిచి, చిన్న దుంకుడు దగ్గర వాగు వెంట మళ్ళి, ఒక్కొక్క దుంకుడే ఎక్కుతూ పైకి పోయి, వెనక వైపు సీతాఫలం పొదల మధ్య మెల్లగా దిగి ఇంటికొచ్చేవాళ్ళు. అట్లా తిరిగితే గుట్ట ఎప్పుడూ కుడిచేతికి ఉంటుంది. పైన అమ్మ ఉంది కాబట్టి అది ప్రదక్షిణ. నీళ్ళు చూసినట్టూ అయ్యేది, అమ్మను చుట్టి వచ్చినట్టూ అయ్యేది.

మా తాత కాలంలో మా వాడ అంతా క్రీస్తును నమ్ముకుంది. బాప్తిస్మం తీసుకున్న ఏడే ఈ చిక్కు వచ్చింది. పోకుండా ఉందామంటే మనసు ఒప్పదు. ఏడాది పొడుగునా పటేలు పొలంలో నడుము వంచేవాళ్ళకు పని లేని రోజు అదొక్కటే. పిల్లలు నీళ్ళ కోసం ఏడుస్తారు. పోదామంటే విగ్రహం చుట్టూ తిరిగినట్టు. పెద్దలు కూర్చుని, బాగా ఆలోచించి, ఒక ఉపాయం కనిపెట్టారు. పోదాం, కానీ తిరగేసి పోదాం. గుట్టను ఎడమచేతికి పెట్టుకుని నడిస్తే దాన్ని ప్రదక్షిణ అని ఎవడూ అనలేడు. ఆ రోజు నుంచి మావాళ్ళంతా సీతాఫలం పొదల వైపు నుంచి ఎక్కి, వాగు వెంట దిగి, ఏటి ఒడ్డున ఇంటికి రావడం మొదలుపెట్టారు.

నవ్వొస్తుంది కదా. నాకూ వచ్చేది, నవ్వగలిగిన రోజుల్లో. పెద్దలు దిక్కు మార్చారు గానీ బండలను మార్చలేదు. అందరూ ఎక్కే చోట మేము దిగాల్సి వచ్చేది. పెద్ద దుంకుడు పక్కన రెండు నిలువుల ఎత్తు బండ, అందులో నీళ్ళు కోసిన మెట్లు. ఎక్కేవాడికి అవి కళ్ళ ముందు ఉంటాయి, చేత్తో పట్టుకుని పోవచ్చు. దిగేవాడు వెనక్కి తిరిగి, కాలు కిందికి జార్చి, పాచి మీద కాలివేళ్ళతో మెట్టు వెతుక్కోవాలి. పక్కనే నీళ్ళ హోరు, మనిషి మాట వినిపించదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు పడేవాళ్ళు. ఒకరికి మణికట్టు, ఒకరికి మడమ. ఆ దెబ్బలను మావాళ్ళు నాలుగు వారాలు చూపించుకుని తిరిగేవాళ్ళు, విశ్వాసం కోసం తగిలినవని.

ఇంకో తమాషా ఉంది. రెండు గుంపులూ నడిచేది ఒకటే రోజు, ఎదురెదురుగా. నడిమి దుంకుడు దగ్గర బాట ఒక్క మనిషి పట్టేంత. అక్కడ ఊరివాళ్ళు ఎదురొస్తే మేము బాట దిగి ముళ్ళకంపలో నిలబడేవాళ్ళం, వాళ్ళు పోయిందాకా. మొయినాబాద్ నుంచి సావుకార్ల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు పట్టుకుని. వాళ్ళ చీర అంచు మాకు తగలకుండా మేమే ఒదిగేవాళ్ళం. దేవుణ్ణి మార్చుకున్నాం, దారిని మార్చుకున్నాం, ముళ్ళల్లో నిలబడడం మాత్రం మా తాతలు ఎట్లా నిలబడ్డారో అట్లాగే నిలబడ్డాం. దాని గురించి ఏ పెద్దా కూర్చుని ఆలోచించినట్టు నేను వినలేదు.

నేను చెప్పబోయే ఏడు నాకు పదకొండేళ్ళు. బాపు పోయి మూడేళ్ళైంది. ఇంట్లో మమ్మల్ని కన్న అవ్వ, అక్క, నేను. అవ్వ పటేలు పొలంలో కూలి చేసేది. అక్కకు పదహారు. చేవెళ్ళలో మా పాస్టరు అయ్యగారి ఇంట్లో ఉండి, వాళ్ళ అంట్లు తోమి, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని, నాలుగేళ్ళు చదువుకుని వచ్చింది. సర్కారు బడిలో ఉర్దూ, అయ్యగారి దగ్గర తెలుగు. మా వాడలో ఎవరికైనా ఉత్తరం వస్తే చదివిపెట్టే ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఆ ఏడు మిషన్ దవాఖాన నడిపే దొరసాని మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒక పిల్లను నర్సు చదువుకు తీసుకుంటానని కబురు పెట్టింది. ఒక్కతినే. చదవడం రాయడం వచ్చి ఉండాలి, పెళ్ళి అయి ఉండకూడదు, ఇంటివాళ్ళు విశ్వాసంలో స్థిరంగా ఉన్నారని అయ్యగారు ఉత్తరం రాయాలి. అయ్యగారు మా ఇంటికి వచ్చి, గడప దగ్గర నిలబడి, "మీ పెద్దపిల్ల పేరే రాస్త" అని అవ్వకు చెప్పాడు. నాట్లు అయ్యాక రాస్తానన్నాడు. ఆయన పోయాక అవ్వ చాలాసేపు పొయ్యి ముందు ఊరికే కూర్చుంది.

అక్క ఆ రోజు నుంచి వేరే మనిషి అయిపోయింది. పాత చీర చించి, పేలికలు చుట్టలు చుట్టి పెట్టుకుని, నా మోచేతికి, మోకాలికి, తలకు కట్లు కట్టేది. దవాఖానలో ఎట్లా కడతారో ఆమెకు ఎవరూ చూపించలేదు, అయ్యగారింట్లో ఒక పుస్తకంలో బొమ్మలు చూసింది, అంతే. "నొస్తుందా? బిగుసుకపోయిందా?" అని అడిగేది. జారిపోతే విప్పి మళ్ళీ కట్టేది. నేను కదలకుండా కూర్చునేదాన్ని. పైకి మురిపెంగానే ఉండేదాన్ని గానీ లోపల గుబులు. అక్క పోతే నాకు జడ ఎవరు వేస్తారు? అవ్వ పొలం పోయాక పొద్దూకేదాకా నేను ఎవరి పక్కన కూర్చోవాలి? చేవెళ్ళకు పోయిన నాలుగేళ్ళూ అక్క లేకుండా ఎట్లా ఉన్నానో నాకు బాగా గుర్తుంది. అక్క పోవడం నాకు ఇష్టం లేదు. వాడంతా సంబరపడుతుంటే ఆ మాట అనడం సిగ్గుచేటు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

రోజుల తరబడి బురదలో వంగి నాట్లు వేసి అవ్వ మోకాలు వాచింది. గుట్ట తిరిగే రోజు పొద్దున అక్క ఆ మోకాలికి కట్టు కట్టి, "నువ్వు ఇంటికాడ ఉండవే, మేం పోయొస్తం" అన్నది.

"ఎట్లుంటనే? ఉత్తరం రాసే ముంగట నేను రాకుంటె అయ్యగారు ఏమనుకుంటడు?" అని అవ్వ కట్టె పట్టుకుని బయలుదేరింది.

ఎక్కడం మెల్లగానే సాగింది. అందరికన్నా ముందు అయ్యగారు, ఆయన వెనక పాటలు పాడుతూ మావాళ్ళు నలభై మంది దాకా, చివరన మేము ముగ్గురం. వాన వెలిసినా ఆకుల మీద నుంచి చినుకులు రాలుతూనే ఉన్నాయి. మోదుగ చెట్ల కింద నేల మెత్తగా దిగబడుతున్నది. ఎక్కడో నెమలి అరిచింది. అవ్వ ప్రతి ఇరవై అడుగులకూ ఆగి, కట్టె మీద ఆనుకుని, "మీరు పోండ్రి, నేనొస్త" అనేది. మేము పోలేదు. పాటలు దూరమై, వాటి చోట నీళ్ళ హోరు వినపడడం మొదలైంది.

మేము పెద్ద దుంకుడు నెత్తికి చేరేసరికి మావాళ్ళంతా దిగిపోయారు. ఆ ఏడు నీళ్ళు ఎక్కువ. ఎర్రటి నీళ్ళు వాగు అంచు దాటి మెట్ల మీదికి కూడా చిందుతున్నాయి. అవ్వ కూర్చుని, వెనక్కి తిరిగి, మంచి కాలు కిందికి వేసింది. రెండో మెట్టు మీద నొప్పి కాలిపై బరువు పడగానే ఒక్క కేక పెట్టి చేతులు వదిలేసింది. అక్క బోర్లా పడి ఆమె జబ్బ పట్టుకుంది. నేను అక్క నడుము పట్టుకుని వెనక్కి గుంజాను. ఎట్లా పైకి లాగామో తెలియదు. అవ్వ బండ మీద వెల్లకిలా పడుకుని దమ్ము తీసుకుంటున్నది, మోకాలి కట్టంతా రక్తం. కింద మావాళ్ళను కేకేశాం. ఎవరికీ వినపడలేదు.

"మర్లిపోదాం" అన్నది అక్క.

"ఎటు మర్లుడే? వచ్చిన తొవ్వల పోతె గుట్ట కుడిచేతికొస్తది."

"రానియ్యి."

"నీ ఉత్తరం గద బిడ్డా..."

"ఉత్తరం సంగతి తర్వాత. నువ్వు ఈ బండ మీద పడి సస్తె ఆ ఉత్తరం నేనేం జేసుకోవాలె?"

అవ్వ కట్టె అందుకుంది. అక్క ఆమె చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని లేపింది.

అప్పటికే ఊరివాళ్ళు కింద నుంచి దుంకుళ్ళు ఎక్కి పైకి రావడం మొదలైంది. వాళ్ళు పోయే వైపే మేమూ పోవాలి. ఎదురొస్తే ముళ్ళల్లోకి తప్పుకోవడం మాకు తెలుసు గానీ, ఒకటే వైపు పోయేటప్పుడు ఎక్కడ నడవాలో తెలియదు. వాళ్ళను పోనిచ్చి, వెనక పది అడుగుల దూరంలో నడిచాం. సావుకార్ల ఇంటి పెద్దామె ఒకామె అందరికన్నా వెనకబడి నడుస్తున్నది. అవ్వను చూసి ఆగింది.

"ఏమైందే కాలుకు?"

"జారిన అమ్మా."

"పొద్దటి సంది ఏమన్న తిన్నవా?"

అవ్వ తల అడ్డంగా ఊపింది. పెద్దామె తన పళ్ళెంలో నుంచి మూడు కొబ్బరిముక్కలు తీసింది. దుంకుడు నెత్తిన నిలబడి మైసమ్మకు కొట్టిన కాయ అది. అవ్వ కొంగు చాపింది. పెద్దామె మూరెడు ఎత్తు నుంచి ఆ మూడు ముక్కలు కొంగులో వేసింది. మంచి మనసే, కాదనను. మూరెడు ఎత్తులో ఉన్న మంచి మనసు.

అవ్వకు కళ్ళు తిరుగుతున్నాయి. ఒక ముక్క నోట్లో వేసుకుంది. నాకొకటి ఇచ్చింది, నేను తిన్నాను. అక్క తన ముక్కను పిడికిట్లో పట్టుకుని చాలాదూరం నడిచింది. తర్వాత "నువ్వే తిను" అని నా చేతిలో పెట్టింది. అదీ తిన్నాను. విగ్రహానికి పెట్టింది తింటే నోరు చేదైపోతుందని మాకు చెప్పి ఉంచారు. తియ్యగానే ఉంది.

ఇంటికి చేరాక అక్క నన్ను పక్కకు పిలిచింది. "ఎవలన్న అడిగితె అవ్వ కాలు జారి మర్లినమని చెప్పు. అది నిజమే గద. కొబ్బరి సంగతి మాత్రం ఎత్తకు." నేను తల ఊపాను.

ఆ వారంలో మాట పాకింది. మొయినాబాద్ అంగట్లో ఎవరో అయ్యగారిని ఆపి, "మీవాళ్ళు గూడ మా వెంబడి అమ్మను చుట్టిన్రు, కొబ్బరి గూడ తిన్నరు" అని నవ్వారట. ఎవరు తిన్నారో చెప్పలేదు. చెప్పడానికి మా పేర్లు తెలిస్తే కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఎవరినీ లేవవద్దన్నాడు. పుస్తకం గుండెకు ఆనించుకుని, తన ప్రసంగం భాషలో, "మనలో ఎవరైనా ఆ దినమున కుడి దారిన నడిచి, విగ్రహమునకు అర్పించినది తిన్నారా? ఉంటే దేవుని యెదుట ఒప్పుకోవలెను" అన్నాడు.

మా వాడవాళ్ళకు తెలియదా? తెలుసు. గుట్ట దిగాక ఏటి ఒడ్డున చేసే ప్రార్థనకు మేము ముగ్గురమే రాలేదు. పెద్ద దుంకుడు దగ్గర నుంచి ఇంటికి పోవడానికి ఇంకో దారి లేదు. అయినా నలభై మందీ నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. అక్క కోసం అయ్యగారు ఉత్తరం రాయాల్సి ఉందని అందరికీ తెలుసు. అయ్యగారు కూడా ఎక్కువసేపు ఆగలేదు. "సరే, ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసుకోబోయాడు. ఎవరూ ఏమీ చెప్పకపోతేనే బాగుండునని ఆయనకూ ఉండిందని ఇప్పుడు నాకనిపిస్తుంది.

అప్పుడు నేను లేచాను.

చాలా ఏళ్ళు నేను ఈ సంగతిని వేరేగా చెప్పుకుంటూ వచ్చాను. చిన్నపిల్లను, అయ్యగారు అడిగాడు, అబద్ధం ఆడలేకపోయాను అని. నన్ను ఎవరూ అడగలేదు. వాక్యాలు అప్పజెప్పేటప్పుడు అందరికన్నా ముందు లేచి, బొమ్మ కార్డు బహుమానం తెచ్చుకునే పిల్లను నేను. ఆ రోజు కూడా అట్లాగే లేచి, చేతులు కట్టుకుని, "అయ్యగారూ, మా అవ్వ తిన్నది. మా అక్క కుడి దారిన తోలుకొచ్చింది" అన్నాను. నేను తిన్న రెండు ముక్కల మాట ఎత్తలేదు.

అయ్యగారు అక్క వైపు చూశాడు. "నిజమేనా బిడ్డా?"

"నిజమే అయ్యగారూ. అవ్వ కాలు జారె. నేనే మర్లిచ్చిన."

"కొబ్బరి?"

అక్క నా వైపు చూస్తుందేమోనని నేను తల వంచుకున్నాను. "తిన్నం అయ్యగారూ" అన్నది.

తను తినలేదు. ఆ మాట అంటే మూడో ముక్క ఎవరు తిన్నారన్న ప్రశ్న వస్తుంది. అందుకని తనూ తిన్నదాన్నేనని ఒప్పుకుంది.

అయ్యగారు చెడ్డవాడైతే నాకు ఎంత తేలికగా ఉండేదో. ఆయన కోప్పడలేదు. కండువాతో కళ్ళు తుడుచుకుని, "నేను అబద్ధపు ఉత్తరం రాయలేను బిడ్డా" అన్నాడు. అవ్వను మూడు నెలలు ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షారసం తీసుకోవడానికి, రావద్దన్నాడు. ఆ ఏడు ఉత్తరం కనకమామిడి ఊరి పిల్లకు పోయింది. బయటికి వస్తుంటే అయ్యగారు నా తల నిమిరి, నిజం చెప్పినందుకు ఒక బొమ్మ కార్డు ఇచ్చాడు. నేను తీసుకున్నాను. అవ్వ ఇంటికొచ్చి నన్ను ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. వేయలేదు. సాయంత్రం అక్క రోజూ లాగే నా తలకు నూనె పెట్టి జడ వేసింది. గట్టిగా గుంజుతుందేమోనని చూశాను, గుంజలేదు.

నేను కోరుకున్నదే జరిగింది. అక్క ఎక్కడికీ పోలేదు. మరుసటి ఏడు నుంచి అవ్వ పక్కన వంగి నాట్లు వేసింది. పేలికల చుట్టలు పొయ్యి మీది గిన్నెలు దింపడానికి మసిగుడ్డలయ్యాయి. దొరసాని దగ్గర నుంచి మళ్ళీ కబురు వచ్చేసరికి ఐదేళ్ళు పట్టింది. యుద్ధం రోజులు, నర్సులు చాలడం లేదట. ఈలోగా అక్కను చందనవెల్లి దిక్కు ఇచ్చారు. మనిషి మంచివాడే. అక్కడా పొలం పనే.

ఈసారి అయ్యగారు నన్ను అడగకుండానే ఉత్తరం రాశాడు. రాసి, మా ఇంటికి తెచ్చి, చదివి వినిపించాడు. ఈ పిల్ల పదకొండేళ్ళ వయసులో సంఘం ముందు నిలబడి, సొంత తల్లినీ అక్కనూ కూడా చూడకుండా సత్యం పలికింది, ఇట్లాంటి పిల్ల రోగుల దగ్గర నమ్మకంగా ఉంటుంది అని అందులో ఉంది. అవ్వ గోడకు ఆనుకుని విన్నది. "నాకొద్దు అయ్యగారూ" అని నేను అనొచ్చు. ఆ ఉత్తరం అక్కడే చించెయ్యొచ్చు. నేను చేసిన పనల్లా, ఎప్పుడు బయలుదేరాలని అడగడం. పదహారేళ్ళదాన్ని, బురదలోకి దిగాలని లేదు, అంతకు మించి కారణం లేదు. అక్కకు కబురు పెడితే పెనిమిటితో బండి కట్టించుకుని నన్ను సాగనంపడానికి వచ్చింది. చంకలో పిల్ల. నాకు జడ వేసి, దవాఖానలో తల విరబోసుకుని తిరగనియ్యరని చెప్పింది. అది కూడా ఆమె అయ్యగారింటి ఆ బొమ్మల పుస్తకంలోనే చూసింది.

నేను నర్సునయ్యాను. మంచి నర్సునే అన్నారు. కట్టు కట్టిన ప్రతిసారీ నా చేతులు అక్క చేతులకన్నా మొద్దువని నాకు తెలిసేది. ఆ సంగతి తెలిసిన మనిషి అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు.

పందొమ్మిదివందల నలభైలు ముగుస్తుండగా అవ్వ పోయింది. మూడో రోజు ప్రార్థన అయ్యాక అక్క, "గుట్ట మీదికి పోదమా?" అన్నది. అప్పటికి మావాళ్ళు గుట్ట తిరగడమే మానేశారు. కొత్తగా వచ్చిన అయ్యగారు, ఏ వైపు నుంచైనా సరే అసలు అటు పోవద్దన్నాడట. అంత తేలికగా అయిపోయింది ఆ గొడవ. ఇద్దరం సీతాఫలం పొదల మధ్య ఎక్కాం. బాట సగం గడ్డిలో కలిసిపోయింది. అక్క నాకన్నా ఐదేళ్ళే పెద్ద. ముందు నడుస్తుంటే వెనక నుంచి అచ్చం అవ్వ లాగే ఉంది, అదే వంగిన నడుము, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఎక్కడం.

పెద్ద దుంకుడు నెత్తిన బండ మీద కూర్చున్నాం. నీళ్ళు తగ్గాయి, మాటలు వినపడేంత హోరే ఉంది. అవ్వ గురించి మాట్లాడుకున్నాం. అక్క పిల్లల గురించి, నా కొలువు గురించి మాట్లాడుకున్నాం. నా చీర బట్ట వేళ్ళతో పట్టి చూసి మంచిగున్నదన్నది. నా మనసులో ఒక మాట పదేళ్ళ నుంచి ఉంది. దాన్ని నేను దాచుకుంటూ వచ్చింది దుర్మార్గంతో కాదు. అది చెప్తే అక్క నన్ను క్షమిస్తుందని, దగ్గరికి తీసుకుని ఏడుస్తుందని నమ్మకం. సమయం చూసి చెప్పాలనుకున్నాను. ఇదే సమయం అనిపించింది.

"అక్కా, నేను ఆ దినం ఎందుకు లేచి చెప్పిన్నో నీకు ఎరుకేనా?"

"నిజం చెప్పాల్నని చెప్పినవ్. అయ్యగారు అందరికి చెప్పుకుంట తిరిగిండు గద."

"కాదే. నువ్వు పోవద్దని చెప్పిన. నువ్వు లేకుంటె నేనెట్లుండాలె అనుకున్న. అందుకే చెప్పిన, ఒట్టు."

అక్క నా మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నాకప్పటికే ఏడుపు వస్తున్నది.

"నేను పోవద్దని చెప్పినవా?"

"ఔనే."

"మరి నువ్వెట్ల పోయినవే?"

గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలియక అడిగింది. ఇన్నేళ్ళూ నిజం కోసం నేను అట్లా చేశాననుకుని, అందుకే ఏమీ అనకుండా ఊరుకుందని నాకు అప్పుడు అర్థమైంది. అక్క కాసేపు జవాబు కోసం ఆగి, తర్వాత నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది.